బాపు చేసిన మ్యూచువల్

మా బాపు మొగిలికి లోకంలో ఒకే ఒక్క శాస్త్రం తెలుసు. దాని పేరు మ్యూచువల్.

గనుల పక్కన పెరగని వాళ్లకు ఇది కొంచెం విడమరిచి చెప్పాలి. బొగ్గు కంపెనీలో ఇద్దరు కార్మికులు ఒకరి చోటు ఒకరు కావాలనుకుంటే ఇద్దరూ కలిసి దరఖాస్తు పెట్టుకుంటారు. ఆఫీసు ఒప్పుకుంటే ఇతను అక్కడికి, అతను ఇక్కడికి. బాపు ఉద్యోగంలో చేరిన కొత్తలో మందమర్రి గనిలో వేశారు. మా ఊరేమో బసంత్‌నగర్ అవతల. రోజూ రైలెక్కి గోదావరి దాటి పోవాలి. అప్పుడే మందమర్రి మనిషి ఒకాయన గోదావరిఖని గనిలో డ్యూటీ చేస్తూ రోజూ ఎదురు రైల్లో వస్తుండేవాడట. ఆ ఇద్దరూ ఎక్కడ కలుసుకున్నారో బాపు చెప్పిన ప్రతిసారీ మారుతుంది. ఒకసారి మంచిర్యాల స్టేషన్‌లో, ఒకసారి ఎవరిదో పెళ్లిలో. కానీ కథ చివర మాత్రం ఎప్పుడూ ఒకటే. మ్యూచువల్ అయ్యింది, బాపు ఇంటికొచ్చాడు.

ఆ తర్వాత మ్యూచువల్‌తో కుదరని పని ఉంటుందంటే బాపు నమ్మడం మానేశాడు. మా మేనబావ పెళ్లికి ఫంక్షన్ హాలు దొరకలేదు. అదే రోజుకు హాలు మాట్లాడుకున్న వాళ్లను బాపు వెతికి పట్టుకున్నాడు. వాళ్ల ముహూర్తం పగటికి, మాది సాయంత్రానికి సర్దాడు, రెండు వంటలూ ఒకే వంటాయనకు అప్పజెప్పాడు. ఆ రోజు ఎవరి కూర ఎవరు తిన్నారో ఇప్పటికీ తేలలేదు. ఇంకోసారి మా పాలివ్వని బర్రెను పక్క ఊరికి తోలి, దాని బదులు పొడిచే బర్రెను తోలుకొచ్చాడు.

"గిదేందయ్యా, పాలియ్యకున్నా సాదుదాన్ని ఇచ్చి దయ్యాన్ని తెస్తివి?" అని మా అమ్మ శోభ అడిగింది.

"మ్యూచువల్ అంటే గట్లనే ఉంటది. మన బాధ వాళ్లకు, వాళ్ల బాధ మనకు," అన్నాడు బాపు.

ఆ పొడిచే బర్రె వచ్చిన తర్వాతే నాకు పశువుల మీద ధ్యాస పడింది. బడి నుంచి రాగానే దూరంగా కూర్చుని దాన్ని చూస్తుండేదాన్ని. కొన్నాళ్లకు అర్థమైంది, అది అందరినీ పొడవదు. ఎడమ వైపు నుంచి వచ్చిన వాళ్లనే పొడుస్తుంది. దానికి ఎడమ కన్ను సరిగా ఆనదు. కుడి వైపు నుంచి పోతే చేతిలో గడ్డి తింటుంది. దానికి నోరు లేదు. నాకు ఉన్నా నేను పెద్దగా వాడను. మా ఇద్దరికీ బాగా కుదిరింది. పశువుల డాక్టర్ చదవాలని అప్పుడే అనుకున్నాను. ఊళ్ళో బడి అయిపోయి, ఖనిలో, అంటే గోదావరిఖనిలో, ఇంటర్ బైపీసీ చేరినా ఆ కోరిక పోలేదు.

ఇంట్లో ఆ మాట చెప్పిన రోజు అమ్మ చాలాసేపు నవ్వింది. "ఇంట్ల పెండ తీసుడు చాలలేదట. చదువుకొని మరీ తీస్తదట," అని వాడకట్టంతా చెప్పింది. బాపు మాత్రం గంభీరంగా తలూపాడు. ఆ తలూపడానికి అర్థం ఏమిటో ఎవరికీ తెలియదు. తొలి షిఫ్టు నుంచి వచ్చాక బాపు నిద్రలో కూడా అలాగే తలూపుతాడు.

ఇంటర్ అయ్యింది, పరీక్షలు రాశాను. జగిత్యాల వ్యవసాయ కాలేజీలో సీటు వచ్చింది. పశువైద్యం మొదటి విడతలో నా పేరు రాలేదు.

"వచ్చిన దాంట్ల చేరు బిడ్డా," అన్నాడు బాపు. "ముందుగాల మస్టర్ల పేరు పడనియ్యి. తర్వాత ఎటంటే అటు మార్చుకోవచ్చు."

మస్టర్ అంటే గని దగ్గర హాజరు వేసే చోటు. బాపు లెక్కలో కాలేజీ కూడా ఒక గనే. అప్పుడు నాకు ఆ మాటలో ప్రమాదం కనిపించలేదు. వెళ్లి చేరాను. పదో తరగతి మెమో నుంచి టీసీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ వాళ్ల బీరువాలో పెట్టేశారు. తరగతులు మొదలవడానికి ఇంకా టైముంది, ఇంటికి పొమ్మన్నారు.

ఇక్కడ అస్గర్ చాచా కథలోకి వస్తాడు. బాపూ ఆయనా ఒకే గని, ఒకే షిఫ్టు. పోయేటప్పుడు ఎవరి బండి బాగుంటే ఆ బండి మీద ఇద్దరూ పోతారు. వాళ్ల అబ్బాయి తాబిష్ ఇంటర్‌లో నా క్లాసే. ముందు బెంచీలో కూర్చుని, సార్ పాఠం ముగించే సమయానికి కొత్త డౌటు అడిగి అందరి తిట్లూ తినేవాడు. అతనికి నాకంటే మంచి ర్యాంకు వచ్చింది. మామునూరు పశువైద్య కాలేజీలో మొదటి విడతలోనే సీటు వచ్చింది. వాళ్లమ్మ మెహరాజ్ బేగం కంపెనీ క్వార్టర్ల లైనంతా మిఠాయి పంచింది.

తాబిష్ ఒక్కడే తినలేదు. అతనికి నాలుగు కాళ్లున్న ఏ జీవమన్నా భయం. కాలేజీ ఆవరణలోకి మేక వస్తే కిటికీ పక్క నుంచి లేచి మధ్య బెంచీకి వచ్చేవాడు. అతని ప్రాణమంతా మొక్కల మీద. క్వార్టర్ డాబా మీద ఖాళీ పెయింటు డబ్బాల్లో మిరప, పుదీన, అంటు కట్టిన నిమ్మ పెంచుతాడు. వ్యవసాయం చదువుతానంటే చాచా ఒప్పుకోలేదు. "బర్లకైతేంది, మనుషులకైతేంది, డాక్టర్ డాక్టరే. పేరు ముంగట ఉంటది. పొలం కాడికి పోతే నిన్ను డాక్టర్ అని ఎవడు పిలుస్తడు?" అన్నాడు. దాంతో తాబిష్ వ్యవసాయం మొదటి కౌన్సెలింగ్‌కే పోలేదు.

ఇంత చెప్పాక, గని గేటు ముందరి హోటల్లో ఒక మధ్యాహ్నం ఏం జరిగిందో ఎవరైనా ఊహించవచ్చు. ఇద్దరు తండ్రులు చాయ్ తాగారు. పిల్లల బాధలు చెప్పుకున్నారు. బాపు కప్పు కింద పెట్టాడు.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే, "అయిపోయింది," అన్నాడు.

"ఏం అయిపోయింది?" అంది అమ్మ.

"సంధ్య మామునూరుకు, తాబిష్ జగిత్యాలకు. మ్యూచువల్. అస్గర్ భాయ్, నేను చెయ్యి కలుపుకున్నం."

నేను గడ్డి మోపు దించి వచ్చాను. "బాపూ, సీట్లకు మ్యూచువల్ ఉండది."

"ఎవలు చెప్పిన్రు?"

"ఎవలూ చెప్పరు. ఉండది."

"లేదని ఎక్కడన్న రాసి ఉన్నదా?"

నేను ఫోన్ తీసి రూల్సన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. నిజమే, లేదని ఎక్కడా రాయలేదు. రూల్స్ రాసిన వాళ్లకు మా బాపు గురించి తెలియదు.

"చూసినవా," అన్నాడు బాపు. "కంపెనీల గంతమందికి అయితది. గీ ఇద్దరు పిల్లలకు కాదా? పోరడు మామునూరుల చేరుతడు. నువ్వు జగిత్యాలల చేరే ఉన్నవ్. దరఖాస్తు ముందుగాలనే పెడతం, ఇద్దరి పేర్లు మస్టర్ల పడంగనే మార్చుకుంటరు."

నేను వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాను. ఎందుకంటే తాబిష్ శనివారం లోగా మామునూరు వెళ్లి చేరాలి. చేరకపోతే ఆ సీటు ఖాళీ అయి రెండో విడతకు పోతుంది. అక్కడ నా పేరు ముందుకు జరగవచ్చు. జరుగుతుందని నమ్మకం లేదు, నా ముందు ఇంకా కొందరున్నారు. కానీ అతను చేరిపోతే మాత్రం నాకు ఆ కాస్త ఆశ కూడా పోతుంది. మా ఇద్దరినీ కోరుకున్న చోటికి పంపాలని బాపు కట్టిన ప్లాను మమ్మల్ని మాకు ఇష్టం లేని చోట గట్టిగా కూర్చోబెట్టేదే.

ఇది బాపుకు చెప్పి చూశాను. బాపు ఓపికగా విన్నాడు. "మ్యూచువల్‌ల ఎవడు ముందు విడువద్దు బిడ్డా. ఇద్దరు ఒకటే దినం కదలాలె. ముందు విడిచినోడు మునుగుతడు. గిది నీకు తెల్వది," అన్నాడు.

తాబిష్‌కు ఫోన్ చేసి నీ సీటు వదిలెయ్ అని అడగలేను. ఏ ముఖం పెట్టుకుని అడగాలి? ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు బాగా వచ్చు.

శుక్రవారం పొద్దున ఇద్దరు తండ్రులూ డ్యూటీ మానుకుని, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలు వేసుకున్నారు. ఖని బస్టాండులో తాబిష్‌తో కలిపి నలుగురం జగిత్యాల బస్సెక్కాం. దరఖాస్తు చాచా చేతిలో ప్లాస్టిక్ కవర్లో ఉంది. కింద నా సంతకం, తాబిష్ సంతకం, సాక్షులుగా ఇద్దరు తండ్రులవి. సంతకం పెట్టేటప్పుడు తాబిష్ నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. పెద్దవాళ్లను పెళ్లి భోజనాల దగ్గర లేపలేనట్టే, ఆ ఉత్సాహంలోంచి కూడా లేపలేం.

కాలేజీ ఆఫీసులో అడ్మిషన్లు చూసే మేడం ఒకావిడ ఉంది. నెమ్మదస్తురాలు. దరఖాస్తు మొత్తం చదివింది, వెనక్కి తిప్పింది, మళ్లీ ముందుకు తిప్పింది.

"మ్యూచువల్ అంటే ఏమిటన్నా?" అని అడిగింది.

బాపు ముఖం వెలిగిపోయింది. మందమర్రి రైలు దగ్గర మొదలుపెట్టాడు. ఈసారి ఆ మనిషిని కలిసింది రామగుండం ప్లాట్‌ఫారం మీద. మేడం అంతా వింది.

"కథ బాగుంది. కానీ ఇవి ఉద్యోగాలు కావన్నా, సీట్లు. అది ఒక యూనివర్సిటీ, ఇది ఇంకో యూనివర్సిటీ. పిల్లలు వాళ్లలో వాళ్లు మార్చుకోవడం ఉండదు."

"మీ వెల్ఫేర్ ఆఫీసర్‌ను ఒక్కసారి కలువొచ్చా మేడం?"

"అలాంటి వాళ్లు ఇక్కడ లేరు."

గనిలో ఆఫీసర్‌తో కాని పని ఎన్నికల్లో గెలిచిన యూనియన్‌తో అవుతుంది. చాచా ముందుకు వంగి, రహస్యం అడిగినట్టు గొంతు తగ్గించాడు. "మరి ఇక్కడ గెలిచిన యూనియన్ ఏది మేడం?"

మేడం నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగింది. "యూనియన్ కూడా లేదన్నా. ఎవరికి సీటు వద్దో వాళ్లు వదులుకోవాలి. వదిలిన సీటు వరసలో ఉన్నవాళ్లకు పోతుంది. దారి అదొక్కటే."

యూనియన్ లేదనే సంగతి దగ్గరే ఇద్దరూ ఆగిపోయారు. బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడి, పిల్లలను ఇట్లాంటి చోట ఎట్లా చదివించాలని మెల్లగా మాట్లాడుకోసాగారు.

తాబిష్ అప్పటికే పక్కనున్న మొక్కజొన్న మడి దగ్గరికి వెళ్లిపోయాడు. ఒక్కో వరసకు ఒక్కో చిన్న పలక పాతి ఉంది. వాటిని వంగి చదువుతున్నాడు, ఆకు అంచు వేళ్లతో తడిమి చూస్తున్నాడు. నేను దగ్గరికి వెళ్లాను. ఇన్నేళ్లలో అతనితో నేనుగా మాట మొదలుపెట్టింది అదే మొదటిసారి.

"తాబిష్, నీకు ఆ మామునూరు సీటు కావాల్నా?"

అతను లేచి నిలబడ్డాడు. "ఇన్ని రోజులకు ఒక్కలు అడిగిన్రు," అన్నాడు. "నాకొద్దు. రేపు పోయి చేరను. వ్యవసాయం రెండో విడతకు పోత."

"నా కోసమని విడువకు. అది నాకే వస్తదని ఏం లేదు."

"నీ కోసం ఎవడు విడుస్తుండు? ఆ కాలేజీ నిండ బర్లుంటయ్ సంధ్యా."

నేను నవ్వాను. అతను నవ్వలేదు, నిజంగానే చెబుతున్నాడు.

వచ్చేటప్పుడు బస్సులో తాబిష్ ఆ మాట వాళ్ల నాన్నకు చెప్పేశాడు. చాచా గట్టిగా అరవలేదు. అరిచి ఉంటే తేలికగా ఉండేది. తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు.

"చేతుల రొట్టె పారేసి పొయ్యి మీది రొట్టెకు ఆశపడ్తవారా? అది కాలకపోతే? మీ అమ్మకు ఏం చెప్పాలె?" అన్నాడు. తర్వాత ముందు సీట్లో ఉన్న బాపు భుజం తట్టాడు. "మొగిలన్నా, నువ్వే చెప్పు. మ్యూచువల్‌ల ఎవడన్న ముందు విడుస్తడా?"

బాపు ఇటు తిరిగాడు. తన శాస్త్రం తననే అడుగుతోంది. "విడువడు," అన్నాడు చివరికి. ఆ మాట ఆయనకు నచ్చలేదని నాకు తెలిసింది. పాలు తక్కువ వచ్చిన రోజు బర్రె దగ్గర పెట్టే ముఖమే పెట్టాడు.

నేను కిటికీలోంచి పత్తి చేన్లు చూస్తూ కూర్చున్నాను. నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. పశువైద్యం రెండో విడతకు పోవాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతిలో ఉండాలి. నావి జగిత్యాల బీరువాలో ఉన్నాయి. అక్కడి సీటు వదులుకుంటేనే అవి తిరిగి ఇస్తారు. తాబిష్ వదిలినా, నేను వదలకపోతే నాకు ఉపయోగం లేదు. నా సీటు పట్టుకుని కూర్చుని అతను ఎప్పుడు వదులుతాడా అని చూడటం మా వాడకట్టు పిల్లి పాలగిన్నె దగ్గర చేసే పని.

"బాపూ," అన్నాను. "జగిత్యాలది నేను విడుస్త."

బస్సు మోతలో వినపడలేదేమో అనుకున్నాను. కానీ ముగ్గురూ నా వైపే చూస్తున్నారు.

"ఉత్తగనేనా?" అన్నాడు బాపు.

"ఉత్తగనే."

"ఏది రాకపోతే?"

"వచ్చే ఏడు మళ్ల పరీక్ష రాస్త. బర్లు ఏడికీ పోవు."

"గంత ఇష్టమున్నదా? మరి ముందే చెప్పొద్దా బిడ్డా?"

"చెప్పిన బాపూ. నువ్వు మ్యూచువల్ చేస్త అన్నవ్."

చాచా కిటికీ వైపు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. బాపు మాత్రం ముందుకు తిరిగి కూర్చున్నాడు. ధర్మారంలో బస్సు ఆగగానే లేచాడు.

"దిగు బిడ్డా. ఆఫీసు బంద్ గాకముందే పోదాం."

కండక్టర్ అడ్డం వచ్చాడు. "పెద్దమనిషీ, టికెట్ ఖని దాకా ఉన్నది. ఇక్కడ దిగుడేంది?"

"మిగిలిన తొవ్వ నువ్వే కూసుండిపో," అన్నాడు బాపు.

నాకు టికెట్ గొడవ లేదు, ఆడవాళ్లకు ఉచితం. దిగాం. వెనక నుంచి "ఆగున్రి, ఆగున్రి" అంటూ చాచా, చాచా వెనక తాబిష్ దిగారు. నలుగురం ఎదురుగా వచ్చిన జగిత్యాల బస్సెక్కాం. చాచా దారి పొడుగునా బాపును తిట్టాడు. "నీకు పిచ్చి లేచిందా? చేతుల ఏం లేకుంట ఆడపిల్ల సీటు ఇడిసిపెడ్తవా? జర ఆలోచన చెయ్యి యార్." బాపు అన్నింటికీ తలూపాడు. ఈసారి అది నిద్ర కాదు.

మేడం సంచి భుజానికి తగిలించుకుని బయల్దేరుతోంది. మమ్మల్ని చూసి ఆగింది. "మళ్లీ మ్యూచువలేనా అన్నా?"

"కాదు మేడం. మా పిల్ల పేరు తీసెయ్యున్రి."

ఆమె సంచి దించి, నన్ను పక్కకు పిలిచి, ఎవరైనా బలవంతపెట్టారా అని అడిగింది. లేదన్నాను. ఇంటికి పోయి ఆలోచించుకుని సోమవారం రమ్మంది. సోమవారానికి నాకు ధైర్యం ఉండకపోవచ్చు అన్నాను. ఆమె నన్ను కాసేపు చూసి బీరువా తాళం తీసింది. నేను సంతకం పెట్టాను. సర్టిఫికెట్లు చేతికి వచ్చాయి. వాటిని పట్టుకుంటే అన్నేళ్ల చదువు చాలా తేలికగా ఉంది.

బస్టాండులో చాచా మూతి ముడుచుకుని నిలబడ్డాడు. "నన్ను ఇరికిచ్చినవ్ మొగిలన్నా."

"నేనేం జేసిన? నీ పోరడు నీ ఇష్టం. చేర్పిచ్చుకో."

"ఎట్ల చేర్పియ్యాలె? నువ్వు విడిచినంక నేను పట్టుకొని కూసుంటే, రేపు షిఫ్టుల నీ ముఖం ఎట్ల చూడాలె?"

"చీకట్ల ఎవని ముఖం ఎవనికి కనవడ్తది భాయ్?"

ఇద్దరూ నవ్వారు. నవ్వాక ఇద్దరికీ భయమేసినట్టుంది, ఖని దాకా నా చేతిలోని సర్టిఫికెట్ల వైపే చూస్తూ కూర్చున్నారు.

శనివారం తాబిష్ మామునూరు పోలేదు. ఆ రోజంతా అతని ఫోన్ స్విచ్చాఫ్ అయి చాచా జేబులో ఉందట. ఎవరైనా ఫోన్ చేసి రమ్మంటే మనసు మారిపోతుందని. కొడుకు మనసు కాదు, తన మనసు.

ఆ తర్వాత వచ్చిన రోజులు బాపుకు కష్టంగా గడిచాయి. ముందు వ్యవసాయం రెండో విడత వచ్చింది. తాబిష్‌కు సిరిసిల్లలో సీటు దొరికింది. మెహరాజ్ బేగం డబల్ కా మీఠా పంపింది. డబ్బాకు మూత పెట్టి, మూత మీద గుడ్డ కట్టి, ఆ గుడ్డ మీద ఇంకో సంచి తొడిగి పంపింది. సంతోషాన్ని అంతగా దాచి ఎవరైనా పంపడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ డబ్బా తీసుకుని లోపల పెట్టింది. మూత తియ్యలేదు.

అమ్మ బాపుతో మాట్లాడటం మానేసింది. చెప్పాల్సినవి బర్రెకు చెప్పేది. "నీళ్లు కాగినయ్, స్నానం చెయ్యమను," అని బర్రె వైపు చూసి అనేది. బాపు కూడా బర్రె వైపు చూసే "సరే" అనేవాడు. రెండు వైపుల మాటలూ మోస్తూ అది పాపం నెమరు వెయ్యడం మరిచిపోయేది.

గనిలో ఇంకా అధ్వానం. ఐదుగురు కూడిన చోటల్లా బాపు మీదే మాట. "మొగిలన్నా, మా పెద్దోనికి గూడ ఒక సీటు కావాలె, దానం చేస్తవా?" అని ఒకరు. "మొగిలన్న ఇప్పుడు నౌకరి గూడ విడుస్తడట, వరసల ఉన్నోళ్లకు పోతదట," అని ఇంకొకరు. చాచా వాళ్లతో జగడం పెట్టుకుంటే బాపే ఆపాడట. ఇవన్నీ తాబిష్ చెబితే తెలిసింది. ఇంట్లో బాపు ఏమీ చెప్పలేదు. అసలు మ్యూచువల్ అన్న మాటే ఇంట్లో వినపడలేదు. నాకు మిగతా అన్నిటికంటే అదే దిగులేసింది. ఏ వస్తువు చూసినా దేనితో మార్చొచ్చా అని చూసే మనిషి, ఉన్నదాన్ని ఉన్నట్టే చూస్తూ కూర్చుంటున్నాడు.

నేను తప్పు చేశానా అని బర్రె కుడి వైపు నిలబడి చాలాసార్లు అడిగాను. అది గడ్డి తిన్నది.

పశువైద్యం రెండో విడత జాబితా ఒక గురువారం పొద్దెక్కాక వచ్చింది. అమ్మ పత్తి చేన్లో కలుపుకు పోయింది. ఫోన్లో సిగ్నల్ కోసం ఇంటి వెనక రాళ్ల కుప్ప ఎక్కి చూశాను. పేరు చూశాను. హాల్ టికెట్ నంబరు చూశాను. బాపు పేరు కూడా సరిపోయింది. కోరుట్ల కాలేజీ.

బాపుకు ఫోన్ చేయబోయి ఆగాను. లోపల డ్యూటీలో ఫోన్ ఉండదు. షిఫ్టు దిగేదాకా ఆగవచ్చు, కానీ ఆగబుద్ధి కాలేదు. ఉన్న బట్టల్లోనే రోడ్డు మీదికి నడిచి, ఖని పోయే షేర్ ఆటో ఎక్కాను.

ఆ తొందరలో ఒక సంగతి మరిచిపోయాను. డ్యూటీ వేళ ఇంటి ఆడవాళ్లు గని గేటు దగ్గరికి ఊరికే రారు. వచ్చారంటే ఇంట్లో ఏదో అయ్యిందని అర్థం. గేటు దగ్గరి వాచ్‌మన్ నన్ను చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"ఎవరి బిడ్డవమ్మా? ఏమైంది?"

"మొగిలి బిడ్డను. ఏం కాలే."

"ఏం కాకుంటే ఎందుకొస్తవ్? కూసో, నీళ్లు తాగు," అని బలవంతంగా కూర్చోబెట్టాడు. హోటలాయన చాయ్ తెచ్చి పెట్టాడు. ఇంకో ఇద్దరు వచ్చి తలా కొంచెం దూరంలో విచారంగా నిలబడ్డారు. సీటు వచ్చిందని చెబుదామంటే, ముందు బాపుకు చెప్పకుండా వీళ్లకెట్లా చెప్పాలి? నేను నోరు మూసుకున్నకొద్దీ వాళ్ల ముఖాలు వాడిపోయాయి.

షిఫ్టు దిగింది. మనుషులు గుంపుగా వస్తున్నారు. బాపూ చాచా పక్కపక్కనే వస్తున్నారు, ఏదో మాటలో ఉన్నారు. బాపు తలెత్తి నన్ను చూశాడు. అక్కడే ఆగిపోయాడు. వెనక వచ్చేవాళ్లు ఆయన్ను తప్పించుకుని పోతున్నారు.

"మీ అమ్మకేమన్న అయ్యిందా?" అన్నాడు.

"అమ్మ కలుపుకు పోయింది బాపూ."

"మరి బర్రెకా?"

"బర్రె మంచిగున్నది. నాకు సీటొచ్చింది. కోరుట్ల. పశువైద్యం."

బాపు నన్ను చూశాడు. తర్వాత చాచాను చూశాడు, నేను చెప్పింది చాచాకు కూడా వినబడిందా అని. చాచా తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. మసి ఇటు నుంచి అటు పోయిందంతే. "వచ్చిందట మొగిలన్నా," అన్నాడు. "ఇగ నవ్వు. ఇన్ని దినాల సంది నీ ముఖం చూసి నా కొడుకు సీటు గూడ నాకు చేదైంది."

బాపు నా తల మీద చెయ్యి పెట్టబోయి, అరచేయి చూసుకుని వెనక్కి తీసుకున్నాడు.

"పెట్టు, పెట్టు," అన్నాడు చాచా. "పెండకు భయపడంది బొగ్గుకు భయపడ్తదా?"

బాపు పెట్టాడు. బరువుగా, చాలాసేపు. వాచ్‌మన్ దగ్గరికొచ్చి ఇంతకూ ఏమైందని మెల్లగా అడిగాడు. చాచా చెప్పాడు. అయ్యో, అంతేనా అన్నాడు వాచ్‌మన్, కొంచెం నిరాశగా. తాగిన చాయ్‌కి హోటలాయన డబ్బులు తీసుకోలేదు.

ఇంటికి చేరేసరికి అమ్మ చేను నుంచి వచ్చి వాకిట్లో కొడవలి కడుగుతోంది. బాపు బండి దిగి, ఆమె ఏమంటుందో అని గోడ పక్కకు జరిగి నిలబడ్డాడు. అమ్మ నన్ను చూసింది. నా నెత్తి మీంచి నుదుటి మీదికి ఐదు వేళ్లూ స్పష్టంగా పడ్డ నల్లటి చెయ్యిని చూసింది.

"గట్లనే లోపటికి రాకు," అంది. నన్ను తులసి గద్దె పక్కన బండ మీద కూర్చోబెట్టి, కాగులోంచి చెంబుతో నీళ్లు ముంచి నెత్తిన పోసింది. కుంకుడు రసం పోసి రుద్దింది. ఏమీ అడగలేదు. మసి నీళ్లు నా కళ్ల మీదుగా కారుతున్నాయి, కళ్లు మూసుకున్నాను.

రెండో చెంబు పోస్తూ, "వచ్చిందా?" అంది.

"వచ్చింది."

"ఏడ?"

"కోరుట్ల."

అమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత గోడ వైపు తిరిగింది. ఇన్నాళ్లకు బర్రెను కాకుండా బాపునే చూసి, "ఇగ దీన్ని దేనితోని మార్చకు," అని, ఇంకో చెంబు నిండా ముంచి నా నెత్తిన పోసింది.